మీ గొంతు అవతలికి చేరాలి: ఇంట్లోంచి వీడియో ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ల కోసం

నేను రిక్రూట్‌మెంట్ పనిలో ఉన్నాను. విశాఖపట్నంలోని రుషికొండ ఆఫీసులో కూర్చుని వారానికి పాతిక దాకా వీడియో ఇంటర్వ్యూలు చూస్తాను. గాజువాక, పెందుర్తి, అనకాపల్లి, శ్రీకాకుళం పక్క పల్లెలు, అన్ని చోట్ల నుంచీ పిల్లలు తెర మీదికి వస్తారు. కిందటేడు కంచరపాలెం నుంచి ఒకమ్మాయి వచ్చింది. నెత్తి మీద సీలింగ్ ఫ్యాను గరగర, కిటికీ అవతల రైలు కూత, బోసి గదిలో మారుమోగే గొంతు. ఆమె మాటల్లో సగమే మాకు వినబడ్డాయి. విన్నంతలో మంచి జవాబులే. అయినా మార్కుల షీటులో కమ్యూనికేషన్ దగ్గర ఆమెకు తక్కువ పడింది. ఆమె తప్పుగా మాట్లాడింది లేదు, మా చెవికి చేరలేదు అంతే. నేను పట్టుబట్టి మర్నాడు మళ్లీ పిలిపించాను. వేరే గదిలో, వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం వచ్చింది.

రెండోసారి పిలిచే వీలు అన్ని కంపెనీల్లో ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. బొమ్మ కాస్త మసకగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. మాట వినబడకపోతే మాత్రం ఐదు నిమిషాల్లో అవతలివాళ్లు అలసిపోతారు. మీ డబ్బు, సమయం, శ్రద్ధ ముందు శబ్దానికి పెట్టండి, ఆ తర్వాత చెప్పబోయే మాటకి. చొక్కా రంగు గురించి చివర్లో ఆలోచించవచ్చు.

పిలుపు వచ్చిన రోజు

మెయిల్ రాగానే లింకు నొక్కకండి, ముందు పంపినవాళ్లెవరో చూడండి. కంపెనీ పేరు ఒకటి, మెయిల్ అడ్రసు ఇంకొకటి అయితే ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో వెతకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ, ఏ పేరుతో డబ్బు అడిగినా అది ఉద్యోగం కాదు. ఇంటర్వ్యూలో ఓటీపీ చెప్పమన్నా, మీ ఫోన్ తెర చూపించే యాప్ ఏదో దించుకోమన్నా వెంటనే కట్ చేయండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి మన ఊళ్లోనే కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కుర్రాళ్లని కంబోడియా పంపి, అక్కడ వాళ్లచేత సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతిని 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. విదేశీ ఉద్యోగం అంటూ వీడియో ఇంటర్వ్యూ పిలుపు వస్తే, ఆ ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే మాట్లాడండి. గల్ఫ్‌కి వెళ్లే వెల్డర్లకీ, ఫిట్టర్లకీ ఇది మరీ ముఖ్యం.

పిలుపు నిజమైనదని తేలాక అదే రోజు జవాబు రాయండి. అందులోనే మూడు సంగతులు అడగండి: ఇంటర్వ్యూ ఎంతసేపు, ఎంతమంది ఉంటారు, మధ్యలో నెట్ పోతే ఏ నంబరుకి ఫోన్ చేయాలి. మూడో ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగినవాళ్లని నేను గుర్తుపెట్టుకుంటాను.

అమెరికా టీముతో అయితే టైము దగ్గర జాగ్రత్త. న్యూయార్క్ ఉదయం 11 గంటలంటే, వాళ్లు గడియారం ముందుకు జరిపే రోజుల్లో, అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, మనకి రాత్రి 8:30. మిగతా నెలల్లో రాత్రి 9:30. క్యాలెండర్ ఇన్వైట్‌ని ఫోన్‌లో యాక్సెప్ట్ చేస్తే మన టైము అదే చూపిస్తుంది. లెక్క మీరు వేసుకోవద్దు.

గది

మనలో చాలామందివి రెండు గదుల ఇళ్లు. ప్రత్యేకంగా గది లేదని బెంగపడకండి. ఉన్న గదిలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగుమని మోగితే అక్కడ మీ గొంతూ అలాగే మోగుతుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడకగదిలో ఆ మోత ఉండదు. హాల్లోనే కూర్చోక తప్పకపోతే ల్యాప్‌టాప్ వెనక గోడకి బొంత వేలాడదీసి, కింద చాప పరవండి. కెమెరాకి అవేవీ కనబడవు.

ఫ్యాను సంగతి మన వైజాగ్‌లో నిజమైన సమస్య. సముద్రపు ఉక్కలో ఫ్యాను ఆపితే పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. ఆపకపోతే గరగర. టేబుల్ ఫ్యానుని ఆరేడు అడుగుల దూరంలో, తక్కువ స్పీడులో, గాలి మైకుకి కాకుండా కాళ్లకి తగిలేలా పెట్టండి. మే నెల మధ్యాహ్నం స్లాట్ ఇస్తే, ఉదయం పది లోపు వీలవుతుందా అని అడగడంలో తప్పు లేదు.

వెలుగు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. కిటికీకి ఎదురుగా కూర్చోండి. కిటికీని వెనక పెట్టుకుంటే ముఖం నల్లటి నీడలా కనబడుతుంది. తూర్పు కిటికీ అయితే పొద్దున్న ఎండ నేరుగా కళ్లలో పడుతుంది కదా, దానికి పలుచటి తెల్ల పంచె అడ్డం కడితే సరిపోతుంది. ముఖమంతా మెత్తగా వెలుగు పరుచుకుంటుంది. రాత్రి ఇంటర్వ్యూ అయితే టేబుల్ లైటుని ల్యాప్‌టాప్ వెనక గోడ వైపు తిప్పండి. గోడ మీద పడి వచ్చే వెలుగు కళ్లలో గుచ్చుకోదు.

కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. పాత గైడ్లు నాలుగు పేర్చి ల్యాప్‌టాప్ వాటి మీద పెట్టండి. మీ వెనక బీరువా అద్దం ఉంటే ఒకసారి కెమెరాలో చూసుకోండి. గదిలో అటూ ఇటూ తిరిగేవాళ్లంతా అందులో కనబడతారు.

ఇంట్లో కుదరనే కుదరకపోతే మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌ని ఒక గది అడగండి. చదువైపోయినా చాలా కాలేజీలు ఇస్తాయి. గంటల లెక్కన గది ఇచ్చే కోవర్కింగ్ చోట్లూ ఉన్నాయి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ చదువుకోవడానికి మంచి చోటు, కానీ అక్కడ మాట్లాడలేరు కదా. కాఫీ షాపులు, బీచ్ రోడ్డు వద్దు. ఒడ్డున గాలి హోరుని ఏ మైకూ తట్టుకోలేదు.

మైకు, నెట్, కరెంటు

వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు కొనండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో చిక్కేమిటంటే, వాటి మైకు ఆన్ కాగానే చాలా పరికరాల్లో శబ్దం నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. పైగా సగంలో చార్జింగ్ అయిపోతుంది, లేదా పక్క గదిలో తమ్ముడి ఫోన్‌కి కనెక్ట్ అయిపోతుంది. వైరు మైకు కాలరుకి రాసుకోకుండా చూసుకోండి. అమ్మాయిలయితే దుపట్టా, గొలుసు కూడా చూసుకోవాలి. ఆ చిన్న రాపిడి అవతల చెవిలో గోనెసంచి లాగినట్టు వినిపిస్తుంది.

నెట్ స్పీడు చూసేటప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి సంతోషిస్తారు. మీ ముఖాన్నీ గొంతునీ అవతలికి పంపేది అప్‌లోడ్. ఇద్దరి మధ్య కాల్‌లో 720 పిక్సెల్ వీడియోకి జూమ్ అడిగేది దాదాపు 1.2 ఎంబీపీఎస్ మాత్రమే. మీ ప్లాన్ వంద ఎంబీపీఎస్ అయినా, ఇంట్లో ఇంకొకరు అదే సమయంలో పెద్ద వీడియో అప్‌లోడ్ పెడితే మీ కాల్ ఆగిఆగి వస్తుంది. కాబట్టి ఆ గంట ఇంట్లోవాళ్ల ఫోన్లు వైఫై నుంచి తీయించండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తే, అదే గదిలో ఉన్నప్పుడు 5, గోడ అడ్డం ఉంటే 2.4 ఎంచుకోండి. 5 వేగమైనదే కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా ల్యాన్ కేబుల్ ఉంటే ఈ ఆలోచనే అక్కర్లేదు.

కరెంటు పోతే? ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ దానికి కలిపి ఉందో లేదో ముందే మెయిన్ ఆపి చూడండి. ఇన్వర్టర్ లేనివాళ్లకి రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఒక్కోసారి మన ఇంట్లో రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, వీధి చివర కేబుల్ వాళ్ల పెట్టెకి కరెంటు పోయి నెట్ ఆగుతుంది. దానికి మందు ఒకటే, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవడం. గంట వీడియో కాల్‌కి ఒకటిన్నర జీబీ దాకా డేటా మిగుల్చుకోండి. లైన్ల మరమ్మతు కోసం ఏ వీధుల్లో కరెంటు తీస్తారో జిల్లా పేపర్లో వేస్తుంటారు. ముందురోజూ ఆ రోజూ ఒకసారి చూడండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ హెచ్చరికలు కూడా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ రోజుల తరబడి లేక ఊరంతా ఎలా ఉందో మనకి తెలుసు, హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉన్న హెచ్‌ఆర్‌కి తెలియదు. తుఫాను హెచ్చరిక ఉంటే రెండు రోజుల ముందే మెయిల్ పెట్టి ఇంకో తేదీ అడగండి. కారణం చెప్పి ముందుగా అడిగినవాళ్ల మీద నాకైతే గౌరవమే పెరుగుతుంది.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌తోనూ బాగా ఇవ్వవచ్చు. అడ్డంగా తిప్పి, స్టాండులో కదలకుండా నిలబెట్టండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ఫోన్ కాల్ వస్తే ఇంటర్వ్యూ శబ్దం తెగిపోతుంది కాబట్టి డు నాట్ డిస్టర్బ్ పెట్టాలి, మేనమామకీ స్నేహితులకీ ఆ గంట ఫోన్ చేయవద్దని చెప్పాలి.

ఏం చెప్పాలి

పై ఏర్పాట్లన్నీ కలిపి ఒక పూట పని. అసలు కష్టం ఇక్కడుంది, అయినా చాలామంది దీన్ని ముందురోజు రాత్రికి వదిలేస్తారు.

‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే నేను వినే జవాబు దాదాపు ఒక్కటే: మై నేమ్ ఈజ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ అనకాపల్లి, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్. కోచింగ్ సెంటర్లలో ఇదే బట్టీ పట్టిస్తారు. నాన్న రైతు కావడం గొప్ప సంగతే, కానీ ఆ ప్రశ్నకి జవాబు అది కాదు. వాళ్లు అడుగుతున్నది, ఈ పనికి నువ్వెందుకు పనికొస్తావు అని. పేరు తెర మీదే ఉంది, ఊరు రెజ్యూమెలో ఉంది. ఇప్పుడేం చేస్తున్నారు, ఇప్పటిదాకా చేసినవాటిలో ఈ ఉద్యోగానికి దగ్గరైన పని ఏది, ఇక్కడికే ఎందుకు రావాలనుకుంటున్నారు, ఈ మూడూ తొంభై సెకన్లలో చెప్పండి. అంతకుమించితే తెర మీద అవతలివాళ్ల చూపు పక్కకి వెళ్లిపోవడం మీకే కనిపిస్తుంది.

తర్వాత, మీరు నిజంగా చేసిన నాలుగు పనులు కాగితం మీద రాసుకోండి. ఒక్కోదానికి ఏం ఎదురైంది, మీరేం చేశారు, చివరికి ఏమైంది అని మూడు నాలుగు ముక్కలు చాలు. పరవాడ ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి వచ్చే కుర్రాణ్ణే తీసుకుందాం. మందులో ఏ పదార్థం ఎంతుందో తేల్చే యంత్రం హెచ్‌పీఎల్‌సీ, అందులో పారే ద్రావణాన్ని మొబైల్ ఫేజ్ అంటారు. ‘హెచ్‌పీఎల్‌సీ మీద మంచి అవగాహన ఉంది సర్’ అంటాడు. అది ఎవరైనా అనగల మాట. అతనే ఇలా అంటే: ‘ఒకరోజు బేస్‌లైన్ కుదురుగా రాలేదు సర్, పంపు ప్రెషరు ఊగుతోంది. గాలి బుడగలు చేరాయేమోనని అనుమానం వచ్చి సీనియర్‌కి చెప్పాను. మొబైల్ ఫేజ్‌ని మళ్లీ డీగ్యాస్ చేసి, పంపుని పర్జ్ చేశాం. స్టాండర్డ్ మళ్లీ ఇంజెక్ట్ చేస్తే పీక్ సరిగా వచ్చింది. జరిగిందంతా లాగ్‌బుక్‌లో రాశాను.’ అర నిమిషం కూడా పట్టని మాట. అందులో పని తెలుసనీ, పైవాళ్లకి చెప్పే అలవాటుందనీ, దాచకుండా రాస్తాడనీ అన్నీ వచ్చేశాయి. చెప్పిన ఇంగ్లీషులో రెండు వ్యాకరణ తప్పులున్నా ఏ ప్యానెలూ లెక్కచేయదు.

తెలుగు మీడియం పిల్లలకి ఒక మాట. ముందు మీ నాలుగు పనుల్నీ తెలుగులో, ఇంట్లో అక్కకో అమ్మకో చెప్పినట్టు పైకి చెప్పండి. వాళ్లకి అర్థమైతే కథ సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు అదే వరుసలో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి తెచ్చుకోండి. ముందే ఇంగ్లీషులో రాసి బట్టీ పడితే మధ్యలో ఒక్క పదం జారినా మొత్తం కూలిపోతుంది. కథ తెలిసినవాడికి పదం జారినా దారి దొరుకుతుంది.

మనసులో చదువుకుంటే చాలదు, నోరు తిరగాలి. ఫోన్‌లో వీడియో రికార్డ్ పెట్టి ఒక్కో జవాబు చెప్పండి. మొదటిసారి కళ్లు మూసుకుని గొంతు మాత్రమే వినండి. ఎక్కడ మింగేస్తున్నారో, ఎక్కడ పరిగెడుతున్నారో తెలుస్తుంది. రెండోసారి శబ్దం ఆపేసి బొమ్మ చూడండి. నాలుగైదు రోజులు ఇలా చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా మొదటి నిమిషంలోనే నాకు తెలిసిపోతుంది.

కొన్ని కంపెనీలు అవతల మనిషి లేని రికార్డింగ్ ఇంటర్వ్యూలు పెడుతున్నాయి. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించడానికి కొద్ది క్షణాలు, చెప్పడానికి ఒకటో రెండో నిమిషాలు. తల ఊపేవాళ్లు లేకపోవడంతో చాలామంది తడబడతారు. కెమెరా పక్కన మీకు నచ్చిన మనిషి ఫొటో ఒకటి అంటించి వాళ్లకి చెబుతున్నట్టు చెప్పండి.

మీ దగ్గరా రెండు ప్రశ్నలుండాలి. మొదటి మూడు నెలలు నా పని ఎలా ఉంటుంది, ఎవరి దగ్గర నేర్చుకుంటాను అన్నవి ఎక్కడైనా పనికొస్తాయి. జీతం మాట వాళ్లెత్తితే, సీటీసీ (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) వేరు, చేతికొచ్చేది వేరు అని గుర్తుంచుకోండి. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపేసి చూపిస్తారు. నెలకి చేతికెంత అని మర్యాదగా అడగండి. బాండ్ (ఇంతకాలం మానకూడదనే ఒప్పందం), నైట్ షిఫ్టుల గురించి ఆఫర్ చేతికొచ్చేలోపే అడగాలి.

ఆ రోజు

గంట ముందు ల్యాప్‌టాప్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఆగి ఉన్న అప్‌డేట్లేమైనా ఉంటే అప్పుడే అయిపోతాయి. అదే లింకుతో కెమెరా, మైకు పనిచేస్తున్నాయో చూడండి. బ్రౌజర్‌లో అనుమతి ఇవ్వక మైకు రానివాళ్లని వారానికి ఇద్దరినైనా చూస్తాను. తెర మీద వచ్చే పేరు మీదేనా? అన్నయ్య అకౌంటుతో లోపలికి వస్తే అన్నయ్య పేరే కనబడుతుంది. ఇంట్లో కుక్కర్, మిక్సీ, టీవీ ఆ గంట వద్దని అమ్మకి చెప్పి, తలుపుకి కాగితం అంటించండి. మెడకి దగ్గరగా ఉండే, ఇస్త్రీ చేసిన ఒకే రంగు చొక్కా గానీ కుర్తా గానీ వేసుకోండి. సన్నటి గళ్లు, చారలు కెమెరాలో మెరిసి కదులుతున్నట్టు కనిపిస్తాయి.

ఐదు నిమిషాల ముందు లోపలికి వెళ్లండి. ‘గుడ్ మార్నింగ్, నా గొంతు స్పష్టంగా వినిపిస్తోందా?’ అన్నది మీ మొదటి మాట కావాలి. వాళ్లు బాగుందన్నాక మీ గుండె కూడా కాస్త కుదుటపడుతుంది.

వీడియోలో మాట ఒక అర క్షణం ఆలస్యంగా చేరుతుంది. ఎదురుగా కూర్చున్నప్పటిలా వెంటనే అందుకుంటే ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. వాళ్లు ఆపాక ఒక ఊపిరి తీసుకుని మొదలుపెట్టండి. తొందరపడే మన అలవాటుకి ఇది కష్టమే, అందుకే సాధనలోనే ఆ ఊపిరి చేర్చుకోవాలి. మాట్లాడేటప్పుడు కెమెరా చుక్కని, వినేటప్పుడు వాళ్ల ముఖాన్ని చూడండి. తెర మీద వాళ్లు కనబడే విండోని కెమెరా కిందికే లాగి పెట్టుకుంటే రెండింటికీ తేడా ఉండదు. మీ ముఖం మీకే కనబడకుండా దాచే వీలు జూమ్, టీమ్స్, మీట్ మూడింటిలోనూ ఉంది. వాడుకోండి, సగం బెరుకు పోతుంది.

పక్కన చీటీ ఉండవచ్చు, అందులో ఐదారు పదాలే ఉండాలి. ఇంకో తెర మీద ఏఐ రాసిచ్చిన జవాబు చదివేవాళ్ల కళ్లు ఎడమ నుంచి కుడికి వరుసగా కదులుతాయి, మాకు తెలుస్తుంది. అప్పుడు మేం ఆ జవాబులోంచే చిన్న ప్రశ్న అడుగుతాం, అక్కడ ఆగిపోతారు. తెలియని ప్రశ్న వస్తే ‘ఇది నేను చేయలేదు, దీనికి దగ్గరగా ఇది చేశాను’ అనండి. ఆ వాక్యం విన్నాక నేను తక్కువ మార్కులు వేసింది లేదు.

నెట్ తెగితే కంగారుపడకండి. ముందు వీడియో ఆపి గొంతు మాత్రమే ఉంచండి, చాలాసార్లు కాల్ నిలబడుతుంది. అప్పటికీ పోతే హాట్‌స్పాట్‌కి మారి మళ్లీ రండి. రెండు నిమిషాలు దాటితే ముందే అడిగి ఉంచుకున్న ఆ నంబరుకి ఫోన్ చేయండి. తిరిగొచ్చాక ఒక్కసారి సారీ చెప్పి, ఎక్కడ ఆగారో అక్కడి నుంచి అందుకోండి. పాలవాడు తలుపు తట్టినా, పై నుంచి నేవీ విమానం వెళ్లినా ఇంతే. ‘ఒక్క క్షణం’ అని మైకు మ్యూట్ చేసి, సద్దుమణిగాక మొదలుపెట్టండి.

అయ్యాక

కాల్ ముగిసిందని తెర మీద చూసుకున్నాకే ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. లేచి వెళ్లకముందే వాళ్లడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాసేయండి, మీరు తడబడ్డవాటి పక్కన గుర్తు పెట్టండి. గంట గడిస్తే సగం మరచిపోతారు, తర్వాతి రౌండులో వాళ్లు వాటి దగ్గరికే మళ్లీ వస్తారు.

ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల మెయిల్ పంపండి: సమయం ఇచ్చినందుకు థాంక్యూ, మాట్లాడుకున్నవాటిలో మీకు బాగా నచ్చిన ఒక సంగతి, అక్కడ సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఒకటుంటే అది రెండు ముక్కల్లో, చివర మీ ఫోన్ నంబరు. ఎప్పటిలోగా చెబుతామన్నారో ఆ తేదీ దాటాక రెండు రోజులు ఆగి ఒకసారి అడగండి. తేదీ చెప్పకపోతే వారం ఆగండి. ఈలోపు ఇంకో చోటికి అప్లికేషన్ పెట్టడం ఆపవద్దు.